మూడో పూట అడగని మాట

సోమవారం. గాలి రంగు పసుపు.

పూట అయ్యాక రోగితో జత విప్పిన ప్రతి నర్సూ ఇంటికి పోయే ముందు ఆనాటి సంగతి ఈ గోడపెట్టెకు చెప్పిపోవాలి. అది మా వార్డు రివాజు. పెట్టె వింటుంది, రాసి పెట్టుకుంటుంది, ఎవరికీ చూపించదు. కడుపులో ఉన్నది ఇక్కడ కక్కేసి ఇంటికి పొమ్మని దాని ఉద్దేశం. నేనైతే ఇన్నాళ్లూ "అంతా బాగుంది, ఎస్తేరు" అని రెండు ముక్కలు చెప్పి చెప్పులు తొడుక్కునేదాన్ని. కక్కడానికి నా దగ్గర ఏముందని? ఈ వార్డులో చేరిన నాటి నుంచి ఈ పని నా వల్ల కాదని నా పట్టీ ఒక్కసారి కూడా కొక్కేనికి ఎక్కలేదు. ఎవరూ అడక్కపోయినా ఆ మాట నేనే అందరికీ చెప్పుకుంటుంటాను.

ఇవాళ కొత్త జత కాబట్టి కాస్త పొడుగ్గా చెబుతాను. మూడో మంచం తిప్పక్కను నాకు కట్టారు. ఎండతో కరెంటు తీసే ఎండపొలంలో పలకల మీది దుమ్ము తుడిచే ఆడవాళ్లకు ఆమె మేస్త్రి. పలకలు అద్దాల్లా మెరుస్తాయి కానీ తుడిచినవాళ్ల ఊపిరితిత్తులు ఇటుక బట్టీ లోపలిలా అవుతాయి. ఆమె గొంతుకు రంధ్రం చేసి గొట్టం పెట్టారు. మాట బయటికి రాదు, పెదవులు మాత్రం ఆడతాయి. వాటిని చదవడం మాకు అలవాటే.

తలవైపు మంచం ఎత్తాను. నోరు కడిగి పెదవులకు నూనె రాశాను. గొట్టంలో కఫం లాగేశాను, గాలికి తేమపట్టే నీళ్లు మార్చాను, వీపు తట్టి పక్క తిప్పాను. ఆ తర్వాతే పట్టీ. దాన్ని నా పక్కటెముకల చుట్టూ కట్టుకుంటే, నేను ఎటు తిరిగినా నా ఊపిరి ఆమె యంత్రానికి అందుతుంది. నేను పీలిస్తే ఆమెకు గాలి పోతుంది, నేను వదిలితే ఆమె వదులుతుంది. ఆమె రొమ్ము మొరాయిస్తే నా పట్టీ బిగుస్తుంది. దుమ్ము తిన్న ఊపిరితిత్తులు యంత్రం తాళానికి లొంగవు, మనిషి ఊపిరికైతే లొంగుతాయి. యంత్రం నెట్టే నెట్టుడు రోజురోజుకూ తగ్గించుకుంటూ వస్తే ఒకనాటికి మనిషి తనంతట తనే పీల్చుకుంటుంది.

పట్టీ కట్టే ముందు రోగి చెవిలో మన పేరు, మనం ఏం తిన్నామో చెప్పాలి. ఎవరి ఊపిరి లోపలికి వస్తోందో తెలియాలి కదా. "ఎస్తేరును. రాగిసంగటి, వంకాయ పులుసు తిన్నా" అన్నాను.

తిప్పక్క పెదవులు ఆడించింది. "ఉల్లిగడ్డ కూడా తిన్యావు. చెప్పవేమి?"

నవ్వొచ్చింది. నా నవ్వుకు ఆమె రొమ్ము కూడా ఎగిరెగిరి పడింది. మంచి జత కుదిరిందనుకున్నాను.

బుధవారం. గాలి రంగు ఎరుపు.

మధ్యాహ్నం దుమ్ముతో ఎర్రగాలి లేచింది. కిటికీలకు తడిగుడ్డలు కడుతుంటే వరండాలో ఎవరో దగ్గుతున్న చప్పుడు. ఆ దగ్గు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. నా తమ్ముడు యోహాను. ఎండపొలంలో తీగలు బాగుచేసే పని వాడిది. ముక్కుకు గాలిగొట్టం తగిలించుకుని బెంచీ మీద వంగి కూర్చున్నాడు. గోళ్లు నేరేడుపండు రంగుకు తిరిగాయి.

"ఏమ్ రా, ఎప్పటి నుంచి ఇట్ల?" అన్నాను.

"నిన్నట్నించే కా. నువ్వు తిడతావని రాలే."

చెన్నకేశవులు డాక్టరు చూశాడు. ముఖం తిప్పుకుని, "వీనికి యంత్రం కావల్ల. మంచం ఖాళీ అయితే మొదటి పేరు వీనిదే" అన్నాడు. మాకు ఆరు మంచాలు. ఆరూ నిండి ఉన్నాయి. ఐదింట్లో ఉన్నవాళ్లు కొత్తవాళ్లు, గట్టిగానే ఉన్నారు. ఊగిసలాటలో ఉన్నది ఒక్క మూడో మంచమే. అది డాక్టరు చెప్పలేదు, చెప్పాల్సిన పని లేదు.

పెద్ద సిస్టర్ గుల్జారక్క నన్ను కుళాయి దగ్గరికి పిలిచింది. మనసు కలత పడిన నర్సు ఎవరైనా సరే పట్టీ విప్పి అక్కడున్న కొక్కేనికి తగిలించేయవచ్చు. ఎందుకని ఎవరూ అడగరు. ఇంకొకరు తీసి కట్టుకుంటారు.

"మే ఎస్తేరూ, తగిలిచ్చేయ్. తర్వాతి పూట సిస్టరు శాంతమ్మను కట్టుకోమంటా."

"ఏంటికక్కా? నా తమ్ముడు వేరే, నా పని వేరే."

"మా యమ్మను తెచ్చినప్పుడు నేనూ తగిలిస్తి. తప్పేముంది దాంట్లో?"

"మీరు తగిలిచ్చినారని నేనూ తగిలియ్యల్లనా?" అన్నాను. పెద్దామెతో ఆ మాట అనకూడదు. ముఖం కడుక్కుని వచ్చి మళ్లీ తిప్పక్క పక్కన కూర్చున్నాను.

శుక్రవారం. గాలి రంగు ఎరుపు.

తిప్పక్క దిగజారుతోంది. అదీ నా పూటలోనే. శాంతమ్మ కట్టుకున్నప్పుడు ఆమె నెత్తుట్లో గాలి బాగానే ఉంటోంది, నేను కట్టుకోగానే జారుతోంది.

నేనేం చేశానో చెప్పనా? ముందు పట్టీ పాడైందన్నాను. రిపేరీ అబ్బాయిని పిలిపించి విప్పించి చూపించాను. "మంచిగుండాది కా" అన్నాడు. తర్వాత శాంతమ్మ మీద పడ్డాను. రోగిని సరిగ్గా బోర్లా వేయడం లేదని, కఫం వదిలేస్తోందని, దాని ఫలితం నా పూటలో బయటపడుతోందని అందరి ముందూ అన్నాను. శాంతమ్మ నాకన్నా చిన్నది. కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నట్టుంది నా సంగతి.

నా చేతులు మాత్రం ఏ తప్పూ చేయలేదు. అది గట్టిగా చెబుతాను. గొట్టం కింద పుండు పడకుండా మెత్త మార్చాను, వేళకు కఫం లాగాను, వీపు తట్టాను. చేతులు శుభ్రంగానే ఉన్నాయి.

శనివారం. గాలి రంగు ఎరుపు.

ఇవాళ గోడ మీద కదిలే నా ఊపిరి గీతను ఊరికే చూస్తూ కూర్చున్నాను. పీల్చడం, వదలడం. వదిలాక చివరన ఒక చిన్న ఆగుడు. మళ్లీ పీల్చడం. మళ్లీ ఆగుడు. ఆ ఆగుడు అంతకుముందు నా గీతలో ఎప్పుడూ లేదు. పాత గీతలు తీయించి చూశాను. బుధవారం మధ్యాహ్నం నుంచి మొదలైంది.

అలా ఎవరు ఊపిరి పీలుస్తారో నాకు తెలుసు. తలుపు అవతల నుంచి కబురు రావాలని చెవులు రిక్కించి కూర్చున్నవాళ్లు. ఇప్పుడో ఇంకాసేపటికో అని కాచుకున్నవాళ్లు. నేను తిప్పక్క చావు కోసం కాచుకుని ఉన్నాను. నా చేతులు ఆమె నోరు కడుగుతున్నాయి, నా రొమ్ము ఆమె ఆగిపోవాలని చూస్తోంది. ప్రతిసారీ ఆ ఆగుడు ఆమె లోపలికి పోతోంది. పైన పటారం, లోన లొటారం అంటారే, అది నేనే.

తలెత్తితే తిప్పక్క నన్నే చూస్తోంది. ఎన్ని రోజుల నుంచి అలా చూస్తోందో. పెదవులు కదిలించింది. "బయట దగ్గేది ఎవురు?"

అబద్ధం చెబితే పట్టీ బిగుస్తుందేమోనన్న భయం. "నా తమ్ముడు" అన్నాను.

ఆమె కళ్లు మూసుకుంది. సిగ్గుతో చచ్చిపోయాను. లేచి కొక్కెం దాకా వెళ్లాను, పట్టీ ముడి మీద చెయ్యి కూడా వేశాను. అప్పుడే ఎదురుగా శాంతమ్మ వచ్చింది. నిన్న నేను ఏడిపించిన పిల్ల. ఆమె కళ్ల ముందు తగిలించాలా? ముఖం కడుక్కోవడానికి వచ్చినట్టు నటించి వెనక్కి తిరిగాను. ఇంత తెలిశాక కూడా! మళ్లీ పోయి తిప్పక్క పక్కన కూర్చున్నాను. థూ, నా బతుకు.

ఆదివారం. గాలి రంగు ఎరుపు.

పొద్దున డాక్టరు మంచాల దగ్గరికి వచ్చినప్పుడు తిప్పక్క వేళ్లతో పక్క ఇనుముకేసి కొట్టింది. పెదవులతో స్పష్టంగా చెప్పింది. "నా మంచం ఆ పిల్లోనికిచ్చేయండి. నాకు చాలు."

తెలివిలో ఉన్న రోగి మంచం వదులుకోవచ్చు. అది వాళ్ల హక్కు. కానీ ఒక్కసారి అన్నంత మాత్రాన చెల్లదు. మూడు పూటలు అడగాలి. పొద్దున, మధ్యాహ్నం, దీపాలు పెట్టే వేళ. మూడుసార్లూ అవునంటేనే యంత్రం తీస్తారు. ఆకలి మీద ఒక మాట, కడుపు నిండాక ఒక మాట, పొద్దు వాలాక ఒక మాట వస్తాయని పెద్దలు పెట్టిన పద్ధతి.

పొద్దున అవునంది. మధ్యాహ్నం డాక్టరు మళ్లీ అడిగాడు. అవునంది. ఆమె కూతురు గంగరత్న మంచం కాళ్లు పట్టుకుని, "అమ్మా, నేనేం పాపం చేస్తి? నన్నొక్కదాన్నే చేసి యాడికి పోతావే?" అని ఏడ్చింది. తిప్పక్క కూతురి జుట్టు నిమురుతూ ఊరుకుంది.

నేను నీళ్లు తాగడానికి వరండాలోకి పోతే యోహాను నా చెయ్యి పట్టుకున్నాడు. వాడి వేళ్లు చల్లగా ఉన్నాయి. "కా, సాయంత్రానికి మంచం వస్తాదంట కదా?" అన్నాడు. వాడి కళ్లలో ఆశ. ఆ ఆశ చూసి నా ప్రాణం లేచొచ్చిందని చెప్పడానికి కూడా సిగ్గేస్తోంది. లేచొచ్చింది. ఒక్క క్షణం పండగలా ఉండింది నాకు.

వెంటనే చెయ్యి విడిపించుకుని లోపలికి వచ్చేశాను. ఐదు రోజులుగా ఆమె నా ఊపిరి పీలుస్తోంది. నా పూటలో నా కోరిక తప్ప వేరే గాలి పోలేదు ఆమె లోపలికి. ఆ 'అవును' ఆమెది ఎట్లా అవుతుంది?

దీపాల వేళ డాక్టరు వచ్చాడు. గుల్జారక్క, శాంతమ్మ, గంగరత్న, అందరూ మంచం చుట్టూ ఉన్నారు. యోహానును చక్రాల కుర్చీలో గుమ్మం దాకా తెచ్చి పెట్టారు, మంచం మార్చడానికి. డాక్టరు వంగి మూడోసారి అడగబోయాడు.

"అడగద్దు సార్" అన్నాను. "ఆ మాట ఆమెది కాదు. నాది. ఈమె పోతే నా తమ్మునికి మంచం వస్తాదని బుధవారం నుంచి కాచుకోనుండా. గీతలో చూడండి, ప్రతి ఊపిరి చివరా ఆగుతాంది. నా కోరికే ఈమెకు ఎక్కింది. ఈమె నోట్లోంచి వచ్చింది నా మాట."

గుమ్మం దగ్గర యోహాను దగ్గు మొదలైంది. నేను అటు చూడలేకపోయాను. పట్టీ విప్పి, అందరూ చూస్తుండగా పోయి కొక్కేనికి తగిలించాను. నన్ను నిలబెట్టి బట్టలు ఊడదీసినట్టుంది.

డాక్టరు గీత చూశాడు. పట్టీ మీద అనుమానం వస్తే అడిగిన రెండు పూటలూ కొట్టుడుపోతాయి. "ఇది చెల్లదు. ఈమె మంచం ఈమెకే" అని చెప్పి పోయాడు. యోహాను కుర్చీని వెనక్కి తిప్పారు.

మంగళవారం. గాలి రంగు గోధుమ.

నాకు జత లేదు. నోళ్లు కడగడం, నీళ్లు మార్చడం, పక్కలు తిప్పడం, అంతే.

తల ఎత్తుకోలేనేమో అనుకున్నాను. కానీ జరిగింది వేరు. గంగరత్న నా రెండు చేతులూ కళ్లకద్దుకుని, "మా యమ్మను బతికిస్తివి సిస్టరమ్మా" అంది. గుల్జారక్క వీపు నిమిరింది. "నోరు తెరిచి చెప్పినావు చూడు, అది అందరికీ చేతకాదు మే." శాంతమ్మ కూడా నాకు టీ తెచ్చి ఇచ్చింది. శాంతమ్మకు క్షమాపణ చెప్పాను. పరవాలేదంది.

నిజం చెబుతున్నాను, పెట్టే కదా వినేది. కాస్త మురిసిపోయాను. తమ్ముణ్ణి పణంగా పెట్టి నిజం చెప్పిన ఎస్తేరు! సిగ్గుపడుతూనే, ఎంత గొప్పగా సిగ్గుపడ్డానో చూసుకుని మురిశాను. ఇంత దూరం వచ్చినా నా గర్వం నన్ను వదల్లేదు.

వరండాలో యోహాను అలాగే ఉన్నాడు. మాట్లాడే ఓపిక లేదు. నేను వీపు తడితే తట్టించుకుంటాడు.

మరుసటి సోమవారం. గాలి రంగు పసుపు.

శాంతమ్మ ఊపిరికి తిప్పక్క గాడిన పడింది. నెట్టుడు తగ్గించుకుంటూ వచ్చారు. నిన్న పొద్దున యంత్రం తీసేశారు, తనే పీల్చుకుంటోంది. ఆమెను గోడవారగా మామూలు మంచానికి మార్చి, మూడో మంచం యోహానుకు ఇచ్చారు. వాడికీ గొంతులో గొట్టం పెట్టారు. ఆలస్యమైంది, ఊపిరితిత్తుల కింది భాగాలు గట్టిపడ్డాయి, చూద్దాం అన్నాడు డాక్టరు. అయినా మంచం దొరికింది. అందరికీ మేలే జరిగిందనుకున్నాను.

సాయంత్రం తిప్పక్కకు గంజి తాగించడానికి పోయాను. గొంతు రంధ్రం మీద వేలు ఆనించుకుంటే ఇప్పుడు ఆమెకు మాట వస్తోంది. బొంగురు గొంతు.

"కూచో" అంది. కూర్చున్నాను.

"నన్ను సావమని తలిస్తివి. అది నాకు తెలుసు. నీ ఊపిరి నాకు తెల్దా? దానికి నాకు కోపం ల్యా. ఆకలైనోడు పక్కోని కంచం దిక్కు సూడడా? నా కూతురు ఆ వరండాలో ఉంటే నేనూ నీ సావు కోరుకుందును."

"అక్కా, నన్ను..." అన్నాను.

"ఆగు. నాదింకా కాల్యా." వేలు తీసి రెండు ఊపిర్లు పీల్చుకుని మళ్లీ ఆనించింది. "ఆ పిల్లోడు దగ్గేది పొద్దుమానం ఇంటాంటి. నా పొలంలో తీగలు కట్టిన పిల్లోడంట. నా మంచం ఇస్తానన్నది నేను. నీ గాలి కాదు, నేను. రెండు పూటలు నా నోటితో చెప్పినా. అందరి ముందర నిలబడి అది నీ మాటంటివి. ఇంకొకరి పట్టీ కట్టి నన్ను మళ్లా అడగండని అనింటే సరిపోయేది కదా? నీకు ఆ మాటే తోచల్యా. తిప్పక్కకంటూ ఒక మనసుంటాదని నీకు అగపడల్యా."

చేతిలో గంజి గిన్నె చల్లారిపోయింది.

"మూడో పూట అడిగింటే ఏమనేదానివక్కా?" అన్నాను ఎట్టకేలకు.

"ఏమో. అవుననేదాన్నేమో. కూతురు మొగం సూసి కాదనేదాన్నేమో. దీపాల యాళకు నా నోట్లో ఏం మాటుండెనో నాకే తెల్దు, ఎవురూ అడగల్యా కదా." ఆమె దగ్గి, ఆయాసపడి, మళ్లీ వేలు ఆనించింది. "నేను సావడానికి భయపడల్యా అని నా కూతురికి తెలియల్ల. నువ్వు చెప్పిన్నాట్నుంచి అది నన్ను మతి తప్పిన ముసిల్దాన్ని సూసినట్టు సూస్తాంది. ఆ పిల్లోనికీ తెలియల్ల. పోయి చెప్పు. నా మాట నాకిచ్చేయ్."

మొన్న పట్టీ విప్పినప్పుడు అదే సిగ్గు అనుకున్నాను. అది సిగ్గు కాదు, సంబరం. ఆమె చావును కోరుకున్నాను, ఆమె బతికింది. ఆమె దానాన్ని మాత్రం అందరి కళ్లెదుటే లాక్కున్నాను, నలుగురూ మెచ్చుకుంటే టీ తాగాను.

మంగళవారం. గాలి రంగు పసుపు.

చెప్పాను. డాక్టరుకు, గుల్జారక్కకు, శాంతమ్మకు. ఈసారి ఎవరూ నా వీపు నిమరలేదు. గుల్జారక్క, "పద్ధతి తెలిసినదాన్ని, మళ్లీ అడగమని నాకూ తోచల్యా మే. నీ మాటకు పడిపోతిమి అందరమూ" అంది. గంగరత్నకు చెబితే నా చేతిలోంచి గంజి గిన్నె తీసుకుని, "నేను తాపిస్తాలే" అని తల్లి దగ్గరికి పోయింది.

యోహానుకు చెప్పడం ఆఖరున పెట్టుకున్నాను. శాంతమ్మ పట్టీ కట్టుకుని వాడి పక్కన ఉంది. నేను కఫం లాగే పైపు పట్టుకుని రెండోవైపు నిలబడ్డాను.

"ఒరే, ఆ రోజు నీకు మంచం ఇస్తానన్నది తిప్పక్కే రా. ఆమె ఇష్టంతోనే అనింది. నేనే దాన్ని నాదని చెప్పి చెడగొడితిని. ఆమెను మళ్లా అడగనీయల్యా."

వాడు కళ్లు మూయకుండా విన్నాడు. ఆలస్యమైన ఆ రోజులు వాడి ఊపిరితిత్తుల్లో ఉన్నాయి, అది వాడికీ తెలుసు. తిడితే బాగుండు అనుకున్నాను. పెదవులు ఆడించాడు. "ఆమె యాడుండాది?"

చూపించాను. గోడవారన తిప్పక్క దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది, కూతురు గంజి పోస్తోంది. యోహాను చేతులు పైకెత్తలేడు. పక్క మీదే ఒక చేతిని ఇంకో చేతి దగ్గరికి జరుపుకుంటూ, జరుపుకుంటూ, రెండూ కలిపి ఆమె వైపు పెట్టాడు. తిప్పక్క చూసింది. గొంతు మీద వేలు ఆనించి, "గట్టిగుండు నాయనా, ఏం కాదు" అంది.

వాడు ఆమెనే చూస్తున్నాడు. నా వైపు తిరగలేదు. వాడి గొట్టంలో కఫం గరగరలాడింది. నేను పైపు ఎత్తి, గొట్టం దాకా తెచ్చి ఆగాను.

"ఎస్తేరక్కా, పైపు ఇట్లియ్యి" అంది శాంతమ్మ మెల్లగా.

ఇచ్చి పక్కకు జరిగాను.